సారును తయారు చేసేది ఎవరు?



ప్రైమరీ టీచరును డైట్ తయారు చేస్తుందనుకుంటాం. అది సగమే నిజం. మిగతా సగం స్టాఫ్‌రూమ్ చేస్తుంది. డైట్‌కు రెండేళ్ళు పడితే స్టాఫ్‌రూమ్‌కు రెండు నెలలు చాలు.

నా దగ్గర డిగ్రీ చదివినవాళ్ళు కొందరు 2024 డీఎస్సీలో ఎస్జీటీలయ్యారు. కొలువులో చేరిన కొత్తలోనే వాళ్ళకు సీనియర్లు చెప్పిన మాట: "ఆ వాడ పిల్లలకు చదువు అబ్బదు. రికార్డులు సరిగ్గా పెట్టుకో, చాలు."

ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు తవ్వి ఉడకబెట్టే రోజుల్లో తల్లి కూలికి పోతుంది. చంటిదాన్ని చూసుకోవడానికి పెద్దపిల్ల ఇంట్లో ఉంటుంది. రిజిస్టరులో అది ఆబ్సెంట్. స్టాఫ్‌రూమ్‌లో అది శ్రద్ధ లేకపోవడం. పసుపు ఎవరిది, కూలి ఎంత అని ఎవరూ అడగరు.

డీఎల్‌ఎడ్‌లో సమాజం, విద్య గురించి పాఠాలున్నాయి. అక్కడ కులం పరీక్షలో రాసే ఒక జవాబు. మన ప్రాంతంలో వీడీసీలు దళితులను సాంఘిక బహిష్కరణ చేసిన వార్తలు కొత్త కాదు. ఊరు అట్లా చీలిన మరునాడు ఇరువైపుల పిల్లలను మధ్యాహ్న భోజనంలో ఒకే బంతిలో ఎట్లా కూర్చోబెట్టాలి? వీడీసీ పెద్దమనిషి బడికొచ్చి కోప్పడితే ఏం చెప్పాలి? ఇది తెలియని కొత్త టీచరు 'మనకెందుకు' అనడం నేర్చుకుంటాడు.

2024 నవంబర్ 6న సమగ్ర కులసర్వే మొదలైతే ప్రైమరీ టీచర్లను ఇంటింటికీ పంపారు. వాళ్ళ బడులు ఒంటిపూట నడిచాయి. కులాల లెక్క మనం అడిగిందే, కావలసిందే. కానీ కులం కాలమ్ నింపడానికి ట్రైనింగు ఇచ్చిన ప్రభుత్వం, తరగతిలో కులం కనబడితే ఏం చేయాలో చెప్పే ట్రైనింగు ఎప్పుడిస్తుంది?

బలహీన వర్గాల పిల్లలపై వివక్ష లేకుండా చూసే బాధ్యతను 2009 విద్యాహక్కు చట్టం 8వ సెక్షన్ ప్రభుత్వం మీద పెట్టింది. 17వ సెక్షన్ మానసిక వేధింపును నిషేధించింది. "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అని స్కాలర్‌షిప్ ఫారాలు పంచడం వేధింపు కాదా?

అందుకే అడుగుదాం. టీచింగ్ ప్రాక్టీసులో పిల్లల వాడలకు పోవడం భాగం కావాలి. కాంప్లెక్స్ మీటింగుల్లో వివక్ష మీద చర్చ జరగాలి. ఎదురు మాట్లాడిన కొత్త టీచరుకు యూనియన్ అండగా నిలబడాలి.

డీఎస్సీకి చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ మొదటి పరీక్ష స్టాఫ్‌రూమ్‌లోనే ఉంటుంది. ఆ మాట విన్నప్పుడు తల ఊపకండి.

జై భీమ్.