కొయ్య బొమ్మ వయసెంత?

పిల్లలూ! సికిందరాబాదులో ఆషాఢమాసంలో బోనాలు జరిగే ఉజ్జయిని మహంకాళి గుడిని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ గుడిలో మొదట ఉన్నది కొయ్య విగ్రహం. 1813లో జంటనగరాల్లో కలరా చెలరేగినప్పుడు, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మహాకాళికి మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగివచ్చి ఇక్కడ కొయ్య విగ్రహం ప్రతిష్ఠించాడనీ ఆలయ చరిత్ర చెబుతుంది. 1864లో దాని స్థానంలో ఇప్పటి విగ్రహం వచ్చింది.

ఎవరో ఒకరు నల్లటి కొయ్య విగ్రహం తెచ్చి, “ఇదీ ఆ కాలపుదే, కొనండి!” అని మీ నాన్నగారితో అన్నారనుకోండి. నమ్మటం ఎలా?

నలుపు చూసి మోసపోకండి. పొగ పెట్టినా, టీ డికాక్షను పూసినా కొత్త కొయ్య నల్లబడుతుంది. పూజలందుకున్న పాత విగ్రహానికి చేతులు తగిలే పాదాలు, మోకాళ్ళు నునుపుదేరి ఉంటాయి. వేలు దూరని మడతల్లో నూనె, పసుపు, కుంకుమ పొరలుగా పేరుకుంటాయి. అంతటా ఒకే తీరుగా అరిగి ఉంటే అనుమానించాలి.

పురుగు కూడా సాక్ష్యం చెబుతుంది! కొయ్యపురుగు లోపల దారులు తొలిచి, చివరకు చిన్న గుండ్రని రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది. చెక్కిన ముఖంమీద ఆ దారులు కాలవల్లాగా తెరుచుకుని ఉంటే, ముందు పురుగు తొలిచింది, తరవాత ఉలి పడింది అన్నమాట. పాత దూలాన్ని ఎవరో కొత్తగా చెక్కి ఉంటారు.

“కార్బన్‌-14 పరీక్ష ఉందిగా?” అంటారేమో. దాన్ని కనిపెట్టిన విల్లార్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ బహుమతి వచ్చింది. చెట్టు గాలినుంచి తీసుకున్న కార్బన్‌-14, కొయ్యగా మారాక 5,730 ఏళ్ళకు సగమవుతుంది. కాని ఇది కొయ్య వయసే చెబుతుంది, చెక్కిన రోజు చెప్పదు. పైగా సుమారు 1650 నుంచి 1950 దాకా ఒకే కొలతకు పలు తేదీలు సరిపోతాయి. అయితే 1950ల్లో అణుపరీక్షలవల్ల గాలిలో కార్బన్‌-14 బాగా పెరిగింది. కనక ఆ తరవాత పెరిగిన కొయ్యను మాత్రం ఇట్టే పట్టేయవచ్చు.

మీ ఇంట్లో పాత కొయ్య విగ్రహం ఉంటే తోమకండి, పాలిష్ పెట్టకండి. సాక్ష్యమంతా పోతుంది! 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన శిల్పం పురావస్తువు. దాన్ని సొంతంగా విదేశాలకు పంపరాదు. ముందుగా మీ అమ్మమ్మనో, తాతయ్యనో అడిగి, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎక్కడినుంచి తెచ్చారో రాసిపెట్టండి. 1815 అన్న తేదీ మనకు కొయ్య చెప్పలేదు. మనుషులు గుర్తుంచుకుని చెప్పారు.