చదవకుండా ఇచ్చిన రిఫరెన్సు ప్రాణాల మీదికి తెస్తుంది

2025 మే నెలలో అమెరికా ప్రభుత్వం పిల్లల ఆరోగ్యంపై ఒక నివేదిక విడుదల చేసింది. అందులో ఆధారాలుగా చూపిన పరిశోధన వ్యాసాల్లో కొన్ని అసలు లేనే లేవని వారం రోజుల్లోనే విలేకరులు బయటపెట్టారు. తన పేరుతో చూపిన వ్యాసం తాను రాయలేదని ఒక పరిశోధకురాలు చెప్పారు. అవి ఫార్మాటింగ్ పొరపాట్లని చెప్పి ప్రభుత్వం జాబితాను సవరించింది.

లేని వ్యాసం వెతికితే దొరకదు కాబట్టి దొంగతనం తేలిగ్గానే బయటపడుతుంది. ఉన్న వ్యాసం చెప్పని మాటను దాని నోట పెడితేనే అసలు ప్రమాదం.

1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో జేన్ పోర్టర్, హర్షెల్ జిక్ అనే ఇద్దరు రాసిన ఐదు వాక్యాల ఉత్తరం అచ్చయింది. ఆసుపత్రిలో చేరి, నల్లమందు తరహా మందులు తీసుకున్న 11,882 మంది రికార్డులు చూస్తే, కొత్తగా వ్యసనానికి లోనైనవారు నలుగురే కనబడ్డారన్నది దాని సారాంశం. ఇంటి దగ్గర నెలల తరబడి ఆ మందులు మింగేవారి గురించి అందులో ఒక్క ముక్క లేదు.

ఆ ఉత్తరాన్ని ఎవరెవరు ఎలా వాడుకున్నారో కెనడా పరిశోధకులు లెక్కతీసి 2017లో అదే పత్రికలో ప్రకటించారు. మొత్తం 608 చోట్ల దాన్ని ఉదహరించారు. 439 చోట్ల వ్యసనం అరుదని చెప్పడానికి ఆధారంగా చూపారు. అది ఆసుపత్రి రోగుల లెక్క అన్న సంగతి 491 చోట్ల ప్రస్తావించనే లేదు. 1996లో ఆక్సీకాంటిన్ అనే నొప్పి మందు మార్కెట్లోకి వచ్చాక ఈ రిఫరెన్సుల జోరు మరింత పెరిగింది. ఆ మందుపై తప్పుదారి పట్టించే ప్రచారం చేసినట్టు 2007లో పర్డ్యూ అనుబంధ సంస్థ కోర్టులో నేరం ఒప్పుకుంది. అమెరికాలో లక్షల ప్రాణాలు తీసిన ఓపియాయిడ్ విపత్తుకు ఈ ఉత్తరం ఒక్కటే కారణం కాదు. కానీ డాక్టర్ల భయం పోగొట్టడంలో దానికీ వాటా ఉంది.

ఇలా ఎందుకు జరుగుతుంది? మూలం తెరవకుండా, ఇంకొకరి వ్యాసం చివరి జాబితా నుంచి ఎత్తిరాయడం వల్ల. పేరు, సంవత్సరం, పేజీ సంఖ్య తప్పితే మూలం దొరకదు, అంతే. భావం తప్పితే రోగికి దెబ్బ తగులుతుంది. వ్యాసాన్ని పరిశీలించే నిపుణులు ప్రతి రిఫరెన్సునూ తెరిచి చూడటం అరుదు.

ఇది మనకు దూరపు కథ కాదు. బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూర్... ఎక్కడున్నా మన ఇళ్లలో మెడిసిన్ చదివే పిల్లలున్నారు. ఎండీ, ఎంఎస్ చేసేవారు థీసిస్ రాయాల్సిందే. అడిగిందే తడవుగా రిఫరెన్సులు అల్లి ఇచ్చే చాట్‌జీపీటీ ఇప్పుడు వారి చేతిలో ఉంది. వారికి మేం చెప్పేది ఒకటే: ప్రతి రిఫరెన్సునూ పబ్‌మెడ్‌లో వెతకండి. దొరికితే సరిపోదు, తెరిచి చదవండి. చదవనిదాన్ని రాయకండి.

పెద్దలకూ ఒక మాట. 'పరిశోధనలో తేలింది' అంటూ వాట్సాప్‌లో వచ్చిన కబురు నమ్మి మందు మానే ముందు, ఎవరి మీద, ఎన్నాళ్లు చేసిన పరిశోధనో మీ డాక్టరును అడగండి.