పావు దినారు జాకు, పన్నెండు దినార్ల సలహా

"కొత్తది కొనుక్కో" అనేది సలహా కాదండీ. ఆలోచించడానికి బద్ధకించినవాడు ఎదుటివాడి జేబు ఖాళీ చేయించే మాట అది. కువైటులో ఈ మాట వినీ వినీ విసుగెత్తిపోయింది.

ఈసారి ఆ మాట ఒక పాత ఎంపీత్రీ ప్లేయరు మీద పడింది. నాది కాదు. మా బిల్డింగులోనే రెండంతస్తుల కింద ఓ ఇంట్లో పనిచేసే రాజంపేట వైపు ఆవిడది. ఎడమ చెవిలో వినపడదు, ప్లగ్గుని మెలిపెట్టి అదిమి పట్టుకుంటే కాసేపు పలుకుతుంది. దుకాణానికి తీసుకెళ్తే అక్కడి పెద్దమనిషి మూత కూడా విప్పకుండా "ఖలాస్, పన్నెండు దినార్లకి కొత్తదొస్తుంది" అన్నాడట.

12 దినార్లంటే మాబోటి కన్సల్టెంట్లకి ఓ రాత్రి బయట భోజనం. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి 2016లో ఇక్కడి ప్రభుత్వం కట్టిన కనీస జీతం నెలకి 60 దినార్లు. అంటే ఆరు రోజుల చాకిరీ, ఒక లూజు కాంటాక్టుకి! ఎలుకల బాధకి ఇల్లు తగలబెట్టుకోమని చెప్పినట్టు లేదూ?

నేను బాగుచేస్తానంటే మా ఆఫీసు మిత్రుడు నవ్వాడు. "ఎందుకు గురూ తంటా, నీ గంట రేటు లెక్కేస్తే కొత్తది కొనిచ్చెయ్యడమే చవక. పాటలేగా, ఎక్కడైనా దొరుకుతాయి." మన సాఫ్ట్‌వేరు వాళ్ళకి బాగా వంటబట్టిన లెక్క ఇది. శుక్రవారం మధ్యాహ్నం నా గంటకి ఏ క్లయింటు డబ్బులిస్తున్నాడు నాయనా? బిర్యానీ తిని పడుకునే గంట అది. పైగా అందులో ఉన్నవి పాటలొక్కటే కాదు. వాళ్ళమ్మ మాటలున్నాయి, ఊళ్ళో రికార్డు చేసి పంపినవి. "పారేస్తే మాయమ్మ మాట యాడ వినేదన్నా?" అంది ఆవిడ. కంప్యూటర్లోకి కాపీ చేసుకోవచ్చుగా అంటారు మీరు. చేశాను కూడా. కానీ కంప్యూటరు నా గదిలో ఉంది, ఆవిడ వినేది వంటింట్లో గిన్నెలు తోముతూ.

వెనకటి తరం గల్ఫు వాళ్ళు క్యాసెట్లో మాట్లాడి ఊరికి పంపుకునేవారు. ఆ టేప్‌రికార్డరు మొరాయిస్తే ఊళ్ళో రేడియో మెకానిక్కు ముందు నాలుగు స్క్రూలు విప్పేవాడు, ఆ తర్వాతే మాట్లాడేవాడు.

ఇంతకీ ఆ జాకులో ఉన్న బ్రహ్మవిద్య ఎంత? ప్లగ్గు చూడండి. మొన ఎడమ చెవికి, నడుమ ఉంగరం కుడి చెవికి, మొదట్లో ఉన్న గొట్టం రెండిటికీ ఉమ్మడి ఎర్తు. పందొమ్మిదో శతాబ్దపు టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు గుచ్చి తీసిన ప్లగ్గుకి ఇది మునిమనవడు. 1979లో వచ్చిన మొదటి వాక్‌మన్‌కి ఇలాంటి జాకులు రెండుండేవి, ఇద్దరు కలిసి వినడానికి.

ఎడమ కాలు ఊడితే ఎడమ చెవి మూగబోతుంది, సరే. తమాషా అంతా ఎర్తు ఊడినప్పుడు. అప్పుడు రెండు స్పీకర్లూ ఒకే వరసలో పడిపోయి, ఎడమ కుడి సిగ్నళ్ళ మధ్య తేడా ఒక్కటే వినపడుతుంది. స్టీరియో పాటలో గాయకుడి గొంతు సాధారణంగా రెండువైపులా సమానంగా ఉంటుంది కాబట్టి అది కొట్టుకుపోయి, వాద్యాలు మాత్రం నూతిలోంచి వచ్చినట్టు వస్తాయి. మోనోలో రికార్డైన పాత ఘంటసాల పాట పెడితే దాదాపు ఏమీ మిగలదు! మీ ప్లేయర్లో గాయకులు మాయమైతే పాటని తిట్టుకోకండి, ఎర్తు చూసుకోండి.

అన్నిటికన్నా ముందు ఇంకో హెడ్‌ఫోను పెట్టి చూడాలి. తర్వాత జాకులో దుమ్ము. కువైటు దుమ్ము తుఫాన్ల సంగతి తెలిసిందేగా, సగం జబ్బులు పళ్ళు కుట్టుకునే చెక్కపుల్లతో పోతాయి. ఇది పోలేదు. విప్పి, బ్యాటరీ వైరు ఊడదీసి, భూతద్దంలో చూస్తే జాకు కాలి చుట్టూ టంకం గుండ్రంగా పగిలి ఉంది. లోపలి స్ప్రింగు కూడా వదులైంది. హవల్లీలో ఇబ్న్ ఖల్దూన్ వీధికెళ్ళి 250 ఫిల్సు పెట్టి కొత్త జాకు తెచ్చాను. ఒక్క జాగ్రత్త: 2006 జులైలో యూరపు సీసాన్ని నిషేధించాక వచ్చిన బోర్డుల్లో టంకం మామూలుగా 217 డిగ్రీల దాకా కరగదు, పాత సీసం టంకం 183 దగ్గరే కరిగేది. భయపడి చల్లటి ఐరనుతో రుద్దుతూ కూచుంటే రాగి పట్టీ లేచొస్తుంది. 350 దగ్గర పెట్టి, ఫ్లక్సు రాసి, కాలికి రెండు మూడు సెకన్లు. అరగంటలో అయిపోయింది.

ఏమాటకామాటే, అన్నీ ఇలా బాగవవు. రాగి పట్టీ చిరిగిన బోర్డు, జిగురుతో మూసేసిన డబ్బా నా చేతుల్లోనూ చచ్చాయి. నా గొడవ విప్పి చూసి కుదరదన్నవాడితో కాదు, చూడకుండా చెప్పినవాడితో. అంతకంటే పెద్ద గొడవ విప్పడానికి వీల్లేకుండా చేసేవాళ్ళతో. 2016లో ఆపిల్ వాళ్ళు ఐఫోన్ 7లో జాకే పీకేసి, వేదికెక్కి దానికి "ధైర్యం" అని పేరు పెట్టారు. దాని బదులు చెవిలో పెట్టుకోమన్న వైర్లెస్ గుండీల బ్యాటరీ మామూలు మనిషి మార్చుకోగలిగేది కాదు. పగిలిన టంకానికి మందుంది, జిగురులో సమాధైన బ్యాటరీకి ఏ హవల్లీలో వెతకను?

చట్టాలు రాకపోలేదు. యూరపులో 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల బ్యాటరీలు వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలట, కొన్ని మినహాయింపులతో. మన దేశంలో 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ అని ఒక పోర్టలు తెరిచారు. మంచిదే. కానీ పెద్ద కంపెనీల పేర్లుండే ఆ పోర్టలు, ఊరూ పేరూ లేని 12 దినార్ల ప్లేయరుకి ఏం చేస్తుంది? దానికి కావలసింది కోఠీ గుజరాతీ గల్లీలోనో హవల్లీలోనో ఐరను పట్టుకుని కూచున్న ఒక మనిషి. మనం "కొత్తది కొనుక్కో" అన్నప్పుడల్లా ఆ మనిషికి ఒక బేరం పోతోంది. అలా బేరాలు పోగా పోగా అతనూ ఫోను కవర్లు అమ్ముకుంటున్నాడు.

నా దగ్గర ఐరను, టంకం తీగ, ఫ్లక్సు ఉన్నాయి. శుక్రవారాలు ఖాళీయే. పాడైన ప్లేయరుంటే తీసుకురండి, జాకు మాత్రం మీరే కొనుక్కురావాలి.