నల్లా ఇచ్చి బావిని చంపుతారా?

దూలపల్లిలో అటవీ అకాడమీ ఉంది, అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. అడవి ఉంటేనే వాన భూమిలోకి ఇంకుతుంది, చెట్టు పోతే ఊట పోతుంది అన్నది అటవీ శాఖ ఎప్పుడూ చెప్పే మాట. ఆ మాట నిజమే. మన తాతలకు ఎవరూ చెప్పకుండానే తెలిసిన నిజం. అదే దూలపల్లికి దగ్గర్లో జీడిమెట్ల పారిశ్రామికవాడ ఉంది. ఇంకో దిక్కున దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే స్థలం ఉంది. తూర్పు వైపు జవహర్‌నగర్‌లో నగరం చెత్తంతా తెచ్చి పోసిన గుట్ట ఉంది. ఆ గుట్ట నుంచి కారిన నల్లటి రసం మల్కారం చెరువును పాడుచేసింది. పోడు కొడితే నీళ్లు పోతాయని గూడెం మీద కేసు రాసే ప్రభుత్వం, ఈ మూడు చోట్ల నేల కింద ఉన్న నీళ్ల గురించి అంత గట్టిగా ఎప్పుడు మాట్లాడింది?

అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: ‘ఊరికి నల్లా ఇచ్చాం కదా, ఇంకా బావి గోల ఎందుకు?’ ఇది దప్పిక తీర్చే జవాబు కాదు, నేరాన్ని కప్పే జవాబు. నల్లా మన హక్కు. బావి కూడా మన హక్కే. ఒక హక్కు చేతిలో పెట్టి ఇంకో హక్కు గుంజుకుంటే దాన్ని పరిహారం అనరు.

భూమి లోపలి నీళ్లు కుండలో నీళ్లలా ఒకచోట నిలిచి ఉండవు. ఎండాకాలం వాగు ఇసుకలో చెలిమె తీసే మన అమ్మలకు ఈ సంగతి తెలుసు. తోడిన కొద్దీ ఊరుతుంది, అంటే పక్క నుంచి వస్తున్నదన్నమాట. హైదరాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైట్ నేల. వాన ముందు మట్టిలో, తర్వాత మొరంలో ఇంకుతుంది. మొరం కింద గట్టి రాయి. ఆ రాయిలో నీళ్లకు చోటు పగుళ్లలోనే. పగులు ఎటు పోతే నీరు అటు పోతుంది. అందుకే ఫ్యాక్టరీ గోడ పక్కనున్న బోరు బాగుండి, దూరంగా ఉన్న బోరులో రంగునీళ్లు రావచ్చు. ‘మా గోడ పక్క బోరు చూడండి, శుభ్రంగా ఉంది’ అనే యజమాని మాట అందుకే సాక్ష్యం కాదు.

మట్టి కొంత మురికిని ఆపుతుంది. మట్టిలోని సూక్ష్మజీవులు కొంత తినేస్తాయి. రాతి పగులులో ఆ పని చేసే మట్టి లేదు. పైగా గట్టిగా తోడే బోరు చుట్టూ నీటిమట్టం గరాటులా కుంగుతుంది, పక్కనున్న విషాన్ని తనవైపే లాక్కుంటుంది. ఎండిపోయి మూత లేకుండా వదిలేసిన బోరు ఇంకా ప్రమాదం. అందులో ఒక ట్యాంకర్ వ్యర్థం పోస్తే అది మట్టినీ మొరాన్నీ దాటి వందల అడుగుల లోతుకు చేరుతుంది. ఇంకుడు గుంత మంచిదే. కానీ రసాయనాల డ్రమ్ములు కడిగే ఆవరణలో ఇంకుడు గుంత తవ్వితే విషానికి తలుపు తీసినట్టే.

ఇది ఊహ కాదు. పటాన్‌చెరు, బొల్లారం ఊళ్ల గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. డాక్టర్ కిషన్ రావు లాంటి వాళ్లు ఏళ్లకేళ్లు పోరాడారు. హరిత ట్రిబ్యునల్ తీర్పు వచ్చేసరికి 2017 అయింది. 27 ఏళ్లు! అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి ‘శుద్ధి’ అయి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. 2009లో వచ్చిన మరో పరిశోధన చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ మందులు ఉన్నాయని తేల్చింది. జలుబుకు వేసుకునే సెటిరిజిన్ కూడా బావి నీళ్లలో దొరికింది. జబ్బు లేనివాడికి, చీటీ లేకుండా, రోజూ మందు పోసింది ఎవరు?

ఒకసారి చెడిన భూగర్భజలం తొందరగా బాగుపడదు. అమెరికాలో హింక్లీ అనే ఊళ్లో ఒక గ్యాస్ కంపెనీ 1952 నుంచి 1966 దాకా క్రోమియం కలిసిన నీటిని గుంటల్లోకి వదిలింది. 1996లో జనానికి 33.3 కోట్ల డాలర్లు కట్టింది. డబ్బు చేతికొచ్చింది గానీ, నేల కింది నీటి శుద్ధి దశాబ్దాల తర్వాత కూడా సాగుతూనే ఉంది. క్రిముల్లాగా లోహాలూ లవణాలూ మరిగిస్తే పోవు. ఆర్వో ప్లాంటు పెడితే మంచినీళ్లు క్యానులోకి, విడిచిన చిక్కటి నీళ్లు మళ్లీ మన కాలువలోకి.

అందుకే నీటిని ముందే కాపాడాలి. జర్మనీలో తాగునీటి బావి చుట్టూ వలయాలు గీస్తారు. నేల కింద నీరు 50 రోజుల్లో బావిని చేరేంత మేర కట్టుదిట్టమైన ఆంక్షలుంటాయి. మన దగ్గర ఆ సంగతి తెలియక కాదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు రాకుండా 1996లో 111 జీవో ఇచ్చారు. నగరం తాగే నీళ్లకు వలయం గీశారు. ఊరి బావికి, తండా బోరుకు గజం వలయం కూడా గీయలేదు. 2022లో ఆ నగరపు వలయాన్నే చెరిపేసినవాళ్లు మనకు కొత్తగా గీస్తారని కూర్చుంటామా?

చట్టం లేదా అంటే ఉంది. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టంలో భూగర్భజలం కూడా ప్రవాహమే. విషపదార్థాన్ని ప్రవాహంలోకి గానీ, బావిలోకి గానీ, నేల మీదికి గానీ తెలిసి వదలకూడదని 24వ సెక్షన్ చెబుతుంది. 2002 నాటి వాల్టా చట్టమూ ఉంది. కాగితం మీద బావికి రక్షణ ఉంది, నేల మీద లేదు.

‘పరిశ్రమలు పోతే మీ పిల్లలకు పని ఎక్కడిది?’ అంటారు. మన తండాల పిల్లలు షిఫ్టులకు పోయేది ఆ పరిశ్రమలకే, ఆ పక్క గదుల్లో అద్దెకుండేది వాళ్లే, మొదట ఆ నీళ్లు తాగేదీ వాళ్లే. పని కావాలి కాబట్టే విషం వద్దంటున్నాం. వ్యర్థం శుద్ధి ఖర్చు యజమాని లెక్కలో ఉండాలి, కూలివాడి కిడ్నీ లెక్కలో కాదు.

ఏజెన్సీలో ఉన్నవాళ్లు ఇది పట్నం గోడు అనుకోవద్దు. నల్లమలలో యురేనియం తవ్వొద్దని చెంచులు, ఇంకా ఎందరో గొంతెత్తాకే 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. నీళ్లు చెడకముందే లేచారు కాబట్టి ఆ మాటకు బలం వచ్చింది. పటాన్‌చెరు చెడ్డాక లేచింది. తేడా అక్కడుంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఊళ్లో ఉన్న ప్రతి బావికీ బోరుకూ ఒక పేజీ రాయండి: లోతెంత, వానకు ముందూ తర్వాతా నీళ్లు ఎంత కింద ఉన్నాయి, రంగు, వాసన, తేదీ. సార్లూ, టీచరమ్మలూ, సైన్సు పీరియడ్‌ను ఒకరోజు బావి దగ్గర పెట్టండి. చేతిలో పట్టే టీడీఎస్ మీటర్ ఉప్పులనే చూపిస్తుంది, మందులనూ ద్రావకాలనూ చూపించదని కూడా చెప్పండి. వాటికి ప్రయోగశాల పరీక్ష కావాలి. ఆ ఫలితాలను సమాచార హక్కు చట్టం కింద అడగండి, పంచాయతీ గోడ మీద, వార్డు ఆఫీసు గోడ మీద తెలుగులో రాయించండి. వదిలేసిన బోర్లకు మూతలు వేయించండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను 1996 పెసా చట్టం పంచాయతీలకు అప్పగించమంది. గ్రామసభలో ఆ మాట ఎత్తండి, తీర్మానం రాయించండి.

నల్లా వస్తే పట్టుకుందాం, వద్దనం. కానీ మోటారు ఆగిననాడు, పైపు పగిలిననాడు, బిల్లు కట్టలేదని కట్ చేసిననాడు మనకు మిగిలేది కాళ్ల కింది నీళ్లే. వాటిని ఎవరికీ రాసివ్వం.