లెక్కకు రాని బిడ్డలు

షోళింగనల్లూరు కూడలిలో సాయంవేళ పది నిమిషాలు నిలబడితే చాలు, తెలుగు చెవిన పడుతుంది. సాఫ్ట్‌వేర్ కార్యాలయాల నుండి వెలువడే యువతీయువకుల నోట కృష్ణా, గుంటూరు జిల్లాల తెలుగు. కొత్త భవనాల వద్ద పని ముగించుకొని వచ్చే మేస్త్రీల నోట శ్రీకాకుళం, విజయనగరం తెలుగు. సెమ్మంజేరి, పెరుంబాక్కం గృహసముదాయాలకు తరలిపోయిన పాత చెన్నపట్నపు పారిశుద్ధ్య కార్మిక కుటుంబాలలో తరతరాల తెలుగు. హోసూరు, పళ్ళిపట్టు, తిరుత్తణి పల్లెల నుండి బ్రతుకుతెరువుకై వెళ్ళిన మనవారు కూడా అక్కడే ఉన్నారు. 2011లో చెన్నై నగరపాలక సంస్థలో కలిసిన ఈ ఊరి పేరిట ఉన్న శాసనసభా నియోజకవర్గం, 2021 ఎన్నికలలో ఆరున్నర లక్షలకు పైబడిన ఓటర్లతో రాష్ట్రంలోకెల్లా పెద్దదిగా నిలిచింది.

ఓటర్లకు లెక్క ఉన్నది. వారి బిడ్డలు ఇంట మాట్లాడే భాషకు లెక్క లేదు.

ఆ మధ్య ఒక వ్యాజ్యం పనిమీద అక్కడికి వెళ్ళినప్పుడు, పళ్ళిపట్టు వైపు నుండి వచ్చి స్థిరపడిన ఒక తండ్రి తన కూతురి బడి ప్రవేశపత్రం నకలును నా చేతికిచ్చాడు. మాతృభాష అన్నచోట ‘తమిళం’ అని ఉన్నది. “ఇంట్లో తెలుగే కదా?” అన్నాను. “తెలుగే సార్. బళ్ళో వాళ్ళే రాసుకున్నారు. తెలుగని చెప్తే సీటు ఇస్తారో లేదోనని నేనూ నోరు మెదపలేదు” అన్నాడు. ఆ పాపకు తెలుగు అక్షరాలు రావు. వాళ్ళ అక్క సొంత ఊరిలో తెలుగు బడిలోనే చదివింది. ఆ బడిలో ఆ యేడు ఒకటవ తరగతిలో చేరినవారు నలుగురేనట.

పల్లె బడిలో ఒక పేరు తగ్గింది. పట్నపు బడిలో అది తెలుగు పేరుగా చేరలేదు. ఈ నెల నేను పాఠకుల ముందు పెట్టదలచిన సమస్య ఇదే.

తమిళనాట పిల్లల జనాభా తీరు మారుతున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడ స్త్రీకి సగటున 1.8 మంది బిడ్డలు. జనాభా తరగకుండా ఉండటానికి 2.1 కావాలి. కాన్పులు తగ్గినచోట, కూలికో కొలువుకో వలస వచ్చిన తల్లిదండ్రుల బిడ్డల పాలు బడులలో హెచ్చడం సహజం. తిరువళ్ళూరు జిల్లా ఇటుక బట్టీల వద్ద ఒడియా మాట్లాడే పిల్లలున్నారు. షోళింగనల్లూరు దారి వెంబడి హిందీ, బెంగాలీ, తెలుగు పిల్లలున్నారు. ఈ రాష్ట్రంలో తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు 2001 జనగణనలో 35,27,594 మంది. 2011లో 42,34,302 మంది. పదేళ్ళలో ఏడు లక్షలు పెరిగిన జనానికి తెలుగు తరగతులు ఎన్ని పెరిగాయో సరిహద్దు జిల్లాల తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు.

తరగతి నిలవాలంటే సంఖ్య కావాలి. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రాన్ని అంగీకరించింది: బడి మొత్తంలో 40 మందిగాని, ఒక తరగతిలో 10 మందిగాని ఒక భాషవారుంటే, ప్రాథమిక దశలో వారికి ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలి. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించడానికి రాష్ట్రాలు పూనుకోవాలని, 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం ఆదేశిస్తున్నది. మాతృభాష ఏదో తేల్చేదెవరు? బిడ్డ తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఏది చెబితే అదేనని 2014 మే 6న కర్ణాటక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం ఎవరిమీదా రుద్దజాలదని కూడా అదే తీర్పు అన్నది. అడిగేవారు లేకుంటే ఇచ్చేవారుండరని దీని భావం.

ఇక్కడ మనలో మనం మాట్లాడుకోవలసిన సంగతి ఒకటున్నది. “మేము వలస వచ్చినవారం కాము, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చేతులు మారినట్లు, సరిహద్దే మమ్మల్ని దాటిపోయింది” అని మనం వాదిస్తుంటాము. అది చారిత్రక సత్యం. కోర్టులో నేనూ వినిపించిన వాదమే. కాని హక్కుకు అదొక్కటే పునాది అంటే, నిన్న వచ్చిన మేస్త్రీ బిడ్డ ఆ హక్కుకు వెలి అవుతుంది. 350-ఎ అధికరణం బిడ్డ తాత ఎప్పుడు వచ్చాడని అడగదు. 2014 జూన్ 28న మౌలివాక్కంలో పదకొండంతస్తుల కట్టడం కూలి 61 మంది మరణించారు. వారిలో పలువురు ఉత్తరాంధ్ర కూలీలు. ఆనాడు మనవారని కంటతడి పెట్టాము. వారివలె వచ్చినవారి బిడ్డలు ఈనాడు పరాయివారెట్లవుతారు? ఇటుక బట్టీలోని ఒడియా బిడ్డకూ, చిత్తూరు జిల్లాలోని తమిళ బిడ్డకూ మనం కోరేది ఇదే న్యాయం కావాలి.

తమిళం నేర్వరాదని మనమెన్నడూ అనలేదు. 2006 నాటి చట్టం తమిళాన్ని నిర్బంధ పాఠ్యాంశం చేసిన తర్వాత, పదవ తరగతి తమిళ పరీక్ష మినహాయింపుకై అల్పసంఖ్యాక భాషలవారు మళ్ళీ మళ్ళీ కోర్టు గడప తొక్కారు. 2023లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును ఒక్క యేటికి పొడిగించింది. ఆ పోరాటం అవసరమే. కాని పదవ తరగతిలో మినహాయింపు దొరికినంత మాత్రాన ఒకటవ తరగతిలో అందని అక్షరం రాదు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో బిడ్డను బడిలో చేర్చేటప్పుడే, మాటలు వచ్చిన తొలినాళ్ళలో ఏ భాష నేర్చిందని తల్లిదండ్రులను వ్రాతపూర్వకంగా అడుగుతారు. భాష తెలియని బిడ్డలకు అందరితోపాటు అవే పుస్తకాలు, అదే పంతులు ఉన్నంత మాత్రాన సమానత్వం కాదని, 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనా బిడ్డల వ్యాజ్యంలో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడి తెలుగు బిడ్డను అడిగే ప్రశ్నను షోళింగనల్లూరు తెలుగు బిడ్డను అడగరాదా?

అందుచేత సరిహద్దు జిల్లాల కుటుంబాలకు నా మనవి మూడు మాటలు. ప్రవేశపత్రంలో మాతృభాష గడిని మీ చేతులతో నింపండి. ఇదివరకే తప్పుగా వ్రాసి ఉంటే దిద్దుబాటుకు అర్జీ పెట్టండి. పట్నం చేరిన మీ బంధువుల బిడ్డల పేర్లు, చదివే బడి, తరగతి ఒక కాగితంమీద వ్రాసి మన శాఖలకు పంపండి. ఒకే బడిలో పదిమంది, నలభైమంది తేలినచోట విద్యాధికారికి అర్జీ మేము వ్రాస్తాము. 2027 మార్చి 1వ తేదీని ప్రాతిపదికగా ప్రకటించిన జనగణనలో తెలుగు అనే చెప్పండి. పసితనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాషే మాతృభాష అన్నది జనగణన నిర్వచనం. మీ బిడ్డ ఇంగ్లీషు బడిలో చదివినా, వీధిలో తమిళం మాట్లాడినా ఆ జవాబు మారదు.

ఆ పళ్ళిపట్టు తండ్రి చేత దిద్దుబాటు అర్జీ వ్రాయించి వచ్చాను. అదే తరగతిలో తెలుగింటి పిల్లలు మరి ముగ్గురున్నారని అతడే చెప్పాడు. అంటే నలుగురు. పదికి ఇంకా ఆరుగురు కావాలి. వారిని వెదకి లెక్కకు తెచ్చే పని మనది.