రెండు పటముల విమానము

ఎయిర్‌బస్ 380 విమానమున సుమారు 530 కిలోమీటర్ల విద్యుత్తంతులు గలవు. హాంబర్గులో కట్టిన తంతుల కట్టలు తూలూజు చేరునప్పటికి పొడవు చాలక బిగింపునకు రాలేదు. పనివారిని నిందించుట అన్యాయము. కాటియా అను సాఫ్ట్‌వేరున జర్మనులు నాలుగవ కూర్పును, ఫ్రెంచివారు ఐదవ కూర్పును వాడుచుండిరి. ఒకచోటి మార్పు రెండవచోటికి సరిగా చేరలేదు. ఒకే దస్తావేజునకు రెండు భిన్నప్రతు లున్నచో నేమగునో కోర్టుల మెట్లెక్కినవారికి చెప్పనక్కరలేదు! 2006 జూనులో ఆలస్యమును ప్రకటింపగనే మాతృసంస్థ వాటాల ధర ఒక్కదినమున నాలుగవవంతునకు పైగా పడిపోయెను. తొలి విమానము 2007 అక్టోబరునగాని కొనుగోలుదారునకు చేరలేదు.

పటములు, భాగముల పట్టికలు, మార్పుల యుత్తరువులు అన్నింటిని ఒక్క భాండారమున నుంచు సాఫ్ట్‌వేరు నేడు ధనముండిన దొరకును. అది కొనుటకు ముందే, ఏ మార్పునకు ఎవరి సంతకము ప్రమాణమో మన కర్మాగారాధిపతులు నిర్ణయింపవలెనని కోరుచున్నాము.