సభాకంపం – మన విద్యార్థులు

"భయపడకు" అని చెప్పడం కంటె సులభమైన పని లోకంలో మరొకటి లేదు. పెద్దలు పిల్లలకు, అధ్యాపకులు విద్యార్థులకు, ముఖ్య అతిథులు వార్షికోత్సవ సభలలో యువతరానికి ధారాళంగా ఇచ్చే ఉపదేశం ఇది. విన్నవారు చప్పట్లు కొడతారు. మరునాడు తరగతిలో ఒక పుట బిగ్గరగా చదవమంటే, చప్పట్లు కొట్టిన ఆ చేతులే పుస్తకాన్ని ముఖానికి అడ్డం పెట్టుకొంటాయి. ఉపదేశంతో తొలగిపోయేదే అయితే భయం ఈపాటికి భూమిమీద మిగిలి ఉండేది కాదు.

నేను ఇక్కడ ప్రస్తావించదలచినది నలుగురిలో నోరు విప్పడానికి కలిగే భయాన్ని గురించి. మన పూర్వులు దీనికి సభాకంపమని చక్కని పేరు పెట్టారు. మనవంటి కళాశాలలో ఈ కంపానికి భాష కూడ తోడవుతున్నది. ఇంట ఉర్దూ మాట్లాడే విద్యార్థి తెలుగు తరగతిలో మౌనం వహిస్తాడు. "కళ" అనవలసినచోట "కల" అని, "గుణం" అనవలసినచోట "గునం" అని నోట వస్తుందేమోనని అతని బెంగ. తన మాతృభాషలో ళకార ణకారాలు లేకపోవడం అతని దోషం కాదు. అట్లే ఇంట తెలుగు మాట్లాడే విద్యార్థికి ఉర్దూలోని "గైన్", "ఖాఫ్" కొరుకుడు పడవు. ఆ మాటకు వస్తే, గొంతు అడుగునుండి పలుకవలసిన "ఖాఫ్"ను మన దక్కను ప్రాంతం వారంతా "ఖ" అనే పలుకుతారు. లక్నో వారు విని నవ్వుకొంటూనే ఉన్నారు, మనం మాట్లాడుకొంటూనే ఉన్నాం! ఇక ఇరువురూ కలిసికట్టుగా భయపడే భాష ఆంగ్లం. ఈ ఒక్క విషయంలో మాత్రం మన విద్యార్థుల మధ్య సంపూర్ణ ఐకమత్యం కనిపిస్తుంది.

విచారించి చూస్తే, ఈ భయం భాషను గురించినది కాదు. వెనుక బల్లనుండి వచ్చే నవ్వును గురించినది. వ్యాకరణ దోషం వల్ల ఎవరికీ గాయం కాదు. దానిని అంటిపెట్టుకొని వచ్చే నవ్వు గాయం చేస్తుంది. ఒకసారి ఆ దెబ్బ తిన్న విద్యార్థి మూడేండ్లు మౌనంగా కూర్చుని, పట్టా పుచ్చుకొని, అదే మౌనంతో ఉద్యోగ పరీక్షల మౌఖిక సభకు వెళ్తాడు. అక్కడ అతనికి జవాబు తెలియక కాదు, చెప్పలేక ఓడిపోతాడు. చక్కని వ్యాసం వ్రాసి, చదివే సమయానికి ఆ కాగితాన్ని స్నేహితురాలి చేతికిచ్చి తాను వెనుకకు తప్పుకొనే విద్యార్థినులు మనలో ఎందరో ఉన్నారు.

భయం ఉన్నదని ఒప్పుకోవడం చిన్నతనం కాదు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) అంతటి ప్రవక్త, ఫిరౌన్ సభకు వెళ్లవలసి వచ్చినపుడు తన నాలుక ముడి విప్పవలసినదిగా అల్లాహ్‌ను ప్రార్థించినట్లు ఖుర్ఆన్‌లోని తాహా సూరాలో ఉన్నది. తనకు తోడుగా సోదరుడైన హారూన్‌ను ఇమ్మని కూడ ఆయన కోరారు. ఆ కోరిక నెరవేరింది. తోడు కోరినందుకు ఆయనను ఎవరూ పిరికివాడనలేదు.

మహాత్మాగాంధీ జీవితం అందరికీ తెలిసినదే అయినా, అందులో మనకు తెలిసిన భాగం వేరు, విద్యార్థికి ఉపయోగపడే భాగం వేరు అని నా అభిప్రాయం. లండన్‌లో శాకాహార సంఘం కార్యవర్గ సభ్యుడుగా ఉన్నపుడు ఆయన తన అభిప్రాయాన్ని కాగితంమీద వ్రాసుకొని వెళ్లి, చదివే ధైర్యం చాలక మరొకరిచేత చదివించుకొన్నారు. 1891లో స్వదేశానికి బయలుదేరుతూ మిత్రులకిచ్చిన విందులో, సిద్ధం చేసుకొన్న ప్రసంగం మరచిపోయి ఒక్క వాక్యంతో కృతజ్ఞత చెప్పి కూర్చున్నారు. తరువాత బొంబాయి చిన్న వ్యాజ్యాల న్యాయస్థానంలో తొలి దావాకు లేచి నిలబడితే తల తిరిగింది, సాక్షిని అడగడానికి ఒక్క ప్రశ్న కూడ తోచలేదు. ముప్పది రూపాయల ఫీజు వాపసు ఇచ్చి, ఇంకొక వకీలును పెట్టుకొమ్మని చెప్పి బయటపడ్డారు. బారిస్టరు పట్టా ఉన్నది, ఆంగ్లం వచ్చు, లండన్ చూసివచ్చినవాడు. అయినా నోరు పెగలలేదు. మన విద్యార్థి చదువు చాలకనే భయపడుతున్నాడని అనుకొనే అధ్యాపక మిత్రులు ఈ సంగతి గమనించవలసి ఉన్నది.

అదే వ్యక్తి 1893లో దాదా అబ్దుల్లా వారి వ్యాజ్యం పనిమీద దక్షిణాఫ్రికా వెళ్లి, ప్రిటోరియాలో హాజీ ముహమ్మద్ హాజీ జూసబ్ అనే వర్తకుని ఇంట భారతీయులను సమావేశపరచి ప్రసంగించారు. తన జీవితంలో మొదటి బహిరంగ ప్రసంగం అదేనని ఆయన వ్రాసుకొన్నారు. ఆనాటి శ్రోతలలో అధిక సంఖ్యాకులు మేమన్ ముస్లిం వర్తకులు. వర్తకంలో సత్యం పాటించడం, పరిశుభ్రత, మత ప్రాంత భేదాలు విడిచి ఒక సంఘంగా ఏర్పడటం – ఇవీ ఆయన చెప్పిన విషయాలు. ఈసారి కాళ్లు ఎందుకు వణకలేదు? నాకు తోచిన సమాధానం ఇది. బొంబాయిలో ఆయన దృష్టి తన మీద ఉన్నది. ప్రిటోరియాలో ఎదుట కూర్చున్నవారి కష్టంమీద ఉన్నది. వారికి చెప్పవలసిన మాట ఒకటి ఆయన దగ్గర ఉన్నది.

ఆ సభలో పలువురికి ఆంగ్లం రాదని గ్రహించి, నేర్పుతానని ఆయన ముందుకు వచ్చారు. ముగ్గురు ఒప్పుకొన్నారు. ఒకరు మంగలి, ఒకరు గుమాస్తా, వీరిద్దరూ ముస్లింలు. మూడవవాడు చిన్న దుకాణం నడుపుకొనే హిందువు. వారికి తీరిక ఉండదు గనుక ఆయనే వారి దుకాణాలకు వెళ్లి పాఠం చెప్పారు. ఒక్కొక్కప్పుడు వెళ్లేసరికి వారు బేరాలలో మునిగి ఉండేవారు, అయినా ఓపిక కోల్పోలేదు. మంగలి తన గిరాకీలతో మాట్లాడుకొనేటంత మాత్రమే నేర్చుకొన్నాడు, అతనికి కావలసినదీ అంతే. నన్నడిగితే, ఆ ప్రసంగం కంటె ఈ దుకాణం పాఠాలే గొప్పవి. అన్నట్లు, గాంధీజీ బిడియం ఆ తరువాతైనా పూర్తిగా పోలేదు. కొత్తవారి ముందు మాట్లాడవలసి వస్తే వెనుకాడేవాడినని ఆయనే చెప్పుకొన్నారు. భయాన్ని "జయించాలి" అనే మన వేదికల భాష నాకు రుచించకపోవడానికి కారణం ఇదే. జయించనవసరం లేదు, దానిని పక్కన కూర్చోబెట్టుకొని పని చేసుకోవచ్చు.

నవ్వు సంగతికి తిరిగి వస్తాను. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, బుర్రకథతో తెలుగునాటంతటా వేలాది జనాన్ని కూర్చోబెట్టిన షేక్ నాజర్‌ను 1986లో పద్మశ్రీ వరించింది. ఆయన దూదేకుల కుటుంబంలో పుట్టినవాడు. మన నిందావాక్యాలలో సులువుగా దొర్లే "పింజారి" అనే మాటనే ఆయన జీవితకథకు పేరుగా పెట్టారు. అట్లే పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా కవి ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారసీకమునుండి నేరుగా తెలుగు పద్యాలుగా మలచారు. ఇంట ఒక భాష, వీథిలో ఒక భాష ఉండటం వారికి అడ్డు కాలేదు సరికదా, ఆస్తి అయింది.

ఇందుకు కళాశాల చేయగలిగినది లేకపోలేదు. వక్తృత్వపు పోటీలు ఉన్నాయి కదా అని కొందరు పెద్దలనవచ్చు. ఆ పోటీలలో ఏటేటా ఆ నలుగురైదుగురే లేస్తారు, బహుమతులు వారికే వస్తాయి, తక్కినవారు ప్రేక్షకులు. ఈతవచ్చినవారికి మాత్రమే చెరువు చూపించడం వంటిది ఇది. దానికి బదులు కాదు, దానితోబాటు వారానికొక పీరియడు కేటాయించవలసినదిగా కళాశాల కార్యవర్గం వారికి మనవి చేస్తున్నాను. అందులో మార్కులు, బహుమతులు, న్యాయనిర్ణేతలు ఉండరాదు. ఇద్దరిద్దరు విద్యార్థులు జంటగా లేస్తారు. ఇంట ఉర్దూ మాట్లాడేవారొకరు, తెలుగు మాట్లాడేవారొకరు. మొదటివారు తెలుగు పుట, రెండవవారు ఉర్దూ పుట చదువుతారు. లిపి రానివారికి తెలుగు లిపిలో వ్రాసి ఇవ్వవచ్చు. ఒకరు తడబడితే మరొకరు అందిస్తారు. ఎవరైనా నవ్వితే తరువాతి వంతు వారిది. ఈ ఒక్క నిబంధన మాత్రం కఠినంగా అమలు జరపాలి.

మొదటి వారం అధ్యాపకులమే చదవడం ఉచితమని నా ఉద్దేశం. ఆంగ్ల శాఖవారు తెలుగులోనూ, తెలుగు శాఖవారు ఉర్దూలోనూ చదవవచ్చు. మాకు చదవడానికిచ్చే పుటను ఎంపిక చేసే భారం ఉర్దూ శాఖ మిత్రులమీద ఉంచుతున్నాను. "ఖాఫ్"లు కొంచెం తక్కువగా ఉన్న పుటను చూడవలసినదిగా వారికి ప్రత్యేక విన్నపం.